పచ్చని నీలగిరి మీద రంపం

సోమవారం పొద్దున భాగీరథి ఇంట్లో రెండు పనులు తప్పవు. ఒకటి ఆమె తలస్నానం, రెండోది కోడలికి జాగ్రత్తలు చెప్పడం. తడి జుట్టుకు తువ్వాలు చుట్టుకుని, పొయ్యి మీద పాలు పొంగకుండా చూస్తూ, వంటింట్లోంచే ఆ రెండో పని మొదలుపెట్టింది.

"దీక్షితా! బాత్రూంల నీళ్లున్నయి, చూసి నడువు. ఎవరన్న బొప్పాయి ఇస్తే తీస్కోకు. నేనొచ్చే దాక బట్టల జోలికి పోకు."

"సరే అత్తమ్మా," పెరట్లోంచి జవాబు వచ్చింది.

"అక్కడేం చేస్తున్నవ్?"

"చెట్ల దగ్గరున్న."

"బకెట్ ఎత్తకు బిడ్డా!"

"ఎత్తుతలేను అత్తమ్మా, ఊకనే చూస్తున్న."

దీక్షితకు ఆరో నెల. జహీరాబాద్‌లో బీదర్ పోయే రోడ్డు దాటాక ఉన్న కొత్త కాలనీలో వాళ్ల ఇల్లు. వెనక కొంచెం ఎర్రమట్టి పెరడు, దాని చుట్టూ ప్రహరీ, ప్రహరీ వెంట వరసగా నీలగిరి చెట్లు. పొలాల గట్ల మీద ఆకాశానికి నిచ్చెన వేసినట్టు పెరిగే రకం కాదు ఇది. లేతగా ఉన్నప్పుడు దీని ఆకు గుండ్రంగా, వెండిపూత పూసినట్టు ఉంటుంది. పెళ్లి మంటపాలు అలంకరించేవాళ్లు ఆ కొమ్మల కోసం ఇప్పుడు ఎగబడుతున్నారు. బీదర్ నుంచి ఒకామె వచ్చి దీక్షితను అడిగి మరీ తీసుకుపోతుంది.

కానీ దీక్షిత ఆ చెట్లు పెట్టింది మంటపాల కోసం కాదు. రెండేళ్ల కిందట మొదటి కడుపు మూడో నెలలోనే పోయింది. ఆ తర్వాత ఆ పిల్ల మంచం దిగలేదు. పిలిస్తే పలికేది కాదు, పెడితే తినేది కాదు. ఏం చెయ్యాలో తోచక భర్త రితేష్ ఒక రోజు నర్సరీ నుంచి ఈ మొక్కలు తెచ్చి పెరట్లో దించాడు. "ఇవ్వి ఎట్ల పెంచాల్నో నాకు తెల్వదు, నువ్వే చూసుకో," అని చెప్పి డ్యూటీకి వెళ్లిపోయాడు. మధ్యాహ్నానికి ఆ లేత ఆకులు ఎండకు వాడిపోయి వేలాడుతుంటే చూడలేక దీక్షిత లేచింది. అలా లేచిన పిల్ల మళ్లీ పడుకోలేదు. మొదటి ఎండాకాలమంతా పొద్దునే మొదళ్లలో నీళ్లు పోసింది, ఎండుటాకులు పరిచి వేర్లకు చల్లదనం పట్టింది, గాలికి ఒరగకుండా కర్రలు కట్టింది. రెండో ఏడు నుంచి నీళ్లు తగ్గించింది.

ఇళ్లల్లో నీలగిరి పెట్టడమేమిటని భాగీరథి మొదట్లో మూతి తిప్పింది. కోడలు మంచం దిగడం చూశాక తిప్పిన మూతిని మళ్లీ సరిచేసుకుంది. బియ్యం కడిగిన నీళ్లు కూడా తీసుకెళ్లి పోసేది.

చిక్కల్లా ఇప్పుడొచ్చింది. చెట్లు ఇంటి కప్పు దాటాయి. పైన ఆకు గుండ్రదనం పోయి మామిడాకులా పొడుగు తిరుగుతోంది. వాటి చివర్లు పక్కనే పోతున్న కరెంటు తీగకు దగ్గరయ్యాయి. ఈ రకం నీలగిరిని చలి పోగానే మోకాలెత్తున కోసేయాలి. కోస్తే మొదలు నుంచి కొత్త కొమ్మలు గుబురుగా వస్తాయి, ఆకు మళ్లీ లేతగా గుండ్రంగా వస్తుంది. కోయకుండా వదిలేస్తే ఎండాకాలం గాలిదుమారానికి తీగ మీద పడతాయి. ఈ మాట దీక్షిత అత్తకు చెప్పి చూసింది. ఒకసారి కాదు, చాలాసార్లు.

భాగీరథి జవాబు ప్రతిసారీ ఒకటే. "ఇంట్ల కడుపుతోని ఉన్న మనిషి ఉండంగ పచ్చని చెట్టు మీద రంపం పడొద్దు. కాన్పు కానీ, అప్పుడు చూద్దాం."

"అప్పటికి వానకాలం వస్తది గదా అత్తమ్మా. గాలికి తీగ మీద పడితే?"

"పడితే పడని. తీగ పోతే మళ్ల ఏసుకుంటరు. బిడ్డను ఎవరు తెచ్చిస్తరు?"

రితేష్‌ను అడిగితే, "మీ ఇద్దరి నడుమ నన్ను పెట్టకున్రి," అని బైకు తీసేవాడు. ట్రాక్టర్ల కంపెనీలో షిఫ్టు ఉన్నా లేకపోయినా ఆ ప్రశ్న వస్తే అతనికి షిఫ్టు వచ్చేస్తుంది.

ఆ సోమవారం భాగీరథి కొబ్బరికాయ, పూలు సంచిలో పెట్టుకుని ఝరాసంగం గుడికి షేర్ ఆటో ఎక్కింది. కోడలి కడుపు నిలిచినప్పటి నుంచి ప్రతి సోమవారం ఉపవాసం ఉండి వెళ్లి వస్తోంది. ఆటో మలుపు తిరిగే దాకా ఆమె భర్త అమర్నాథ్ గేటు దగ్గరే నిలబడి చూశాడు. ఆ తర్వాత స్టోరు గదిలోంచి చేతిరంపం తీశాడు.

అమర్నాథ్ కరెంటు డిపార్టుమెంటులో లైన్‌మన్‌గా చేసి రిటైరైన మనిషి. తీగకు తగిలే కొమ్మను చూస్తే ఆయన చెయ్యి ఊరుకోదు.

"అత్తమ్మకు తెలిస్తే?" దీక్షిత భయంగా అడిగింది.

"తెల్వకుండ ఎట్లుంటది బిడ్డా, చెట్లు కనబడయా? కొట్లాడుతది, రెండు దినాలు మాట్లాడది, మూడో దినం చాయ్ ఇస్తది," అన్నాడాయన. "అయినా ఆ మాట మొగునికి గదా. కడుపుతోని ఉన్నామె మొగుడు చెట్టు కొట్టొద్దంటరు. మామ కొట్టొద్దని ఎవరన్న చెప్పిన్రా?"

దీక్షితకు నవ్వొచ్చింది. ఆ న్యాయం ఆమెకు కూడా బాగానే ఉందనిపించింది. ఆమె దూరంగా కుర్చీ వేసుకుని కూర్చుని ఎంత ఎత్తున కోయాలో చెబుతుంటే, నీళ్లు నిలవకుండా ఏటవాలుగా, ఒక్కొక్క మొదలూ ఆయన కోసుకుంటూ పోయాడు. పెరడంతా నీలగిరి వాసన నిండింది.

భాగీరథి మధ్యాహ్నం కాకముందే వచ్చేసింది. గేటు దగ్గరే ఆ వాసన తగిలింది. చెప్పులు కూడా విప్పకుండా ఇంటి పక్క సందులోంచి నేరుగా పెరట్లోకి వచ్చింది. వరసగా మొదళ్లు, కుప్పగా కొమ్మలు, రంపం చేతిలో పట్టుకుని భర్త. ప్రసాదం సంచి ఆమె చేతిలోంచి జారింది.

"అప్పుడు గూడ నువ్వే, ఇప్పుడు గూడ నువ్వేనా?" అంది. గొంతు పెద్దగా లేదు.

"ఏందే, తీగకు తగులుతున్నయని..."

"అప్పుడు గూడ తీగనే అన్నవ్!"

అమర్నాథ్‌కు అర్థం కాలేదు. రితేష్ పుట్టకముందు భాగీరథికి ఒక కాన్పు పోయిందని ఆ ఇంట్లో అందరికీ తెలుసు. ఎందుకు పోయిందని ఆమె అనుకుంటోందో మాత్రం ఎవరికీ తెలియదు, ఆయనకు కూడా.

దీక్షిత లేచి ముందుకొచ్చింది. "మామయ్యను అనకున్రి అత్తమ్మా. నేనే కొయ్యమన్న."

"నీకు బుద్ధున్నదా? వద్దని ఎన్నిసార్లు చెప్పిన? నీ కడుపుల ఉన్నది నీకొక్కదానిదేనా? నేను కాళ్లీడ్సుకుంట గుడికి ఎందుకు పోతున్ననే?"

దీక్షిత ఇన్నాళ్లూ అత్తకు ఎదురు చెప్పిన పిల్ల కాదు. ఆ రోజు కళ్లు నిండిపోయి, ఆగలేకపోయింది. "మొదటిది పోయినప్పుడు మనం ఏ చెట్టు కొట్టినం అత్తమ్మా? చెప్పున్రి. కొబ్బరికాయ గూడ నా ముందట కొట్టనియ్యలేదు గదా మీరు. ఏం తప్పు చేసిన్నని పోయింది? ఏ తప్పు చేసిన్నో అని నేను ఎన్ని దినాలు ఏడ్చిన్నో మీకు తెల్సా? మళ్ల గదే భయం పెడుతరెందుకు?"

భాగీరథి కింద పడిన సంచి కూడా తీసుకోకుండా లోపలికి వెళ్లి దేవుడి గది తలుపు దగ్గరికి వేసుకుంది.

ఇంట్లో పొయ్యి వెలగలేదు. పొద్దున వండిన జొన్నరొట్టెలు గుడ్డ కిందే ఉండిపోయాయి. అమర్నాథ్ వాకిట్లో కుర్చీ వేసుకుని రోడ్డు చూస్తూ కూర్చున్నాడు. దీక్షిత మంచం మీద గోడవైపు తిరిగి ఏడ్చి ఏడ్చి ఎప్పుడో నిద్రపోయింది. లేచేసరికి ఎండ కిటికీ దిగిపోయింది. పక్కకు తిరిగి కడుపు మీద చెయ్యి వేసుకుంది. ఆ వేళకు లోపల బిడ్డ ఒకటే గంతులు వేస్తూ ఉంటుంది. ఇవాళ ఏమీ లేదు. ఎడమ పక్కకు తిరిగింది, నీళ్లు తాగింది, కాసేపు ఆగింది. ఆలోచిస్తే పొద్దున నుంచీ కదిలిన గుర్తే లేదు.

దేవుడి గది తలుపు ముందు నిలబడి కొట్టడానికి చెయ్యి ఎత్తింది. మళ్లీ దించింది. ఈ తలుపు తెరుచుకోగానే ఏ మాట వినాల్సి వస్తుందో ఆమెకు తెలుసు. అయినా వేరే దారి లేదు.

"అత్తమ్మా... బిడ్డ కదులుతలేదు."

తలుపు తెరుచుకుంది. భాగీరథి ముఖం తెల్లబోయింది. ఒక్క క్షణం కోడలి కళ్లలోకి చూసింది. దీక్షిత ఆ మాట కోసం ఎదురుచూస్తూ నిలబడింది. ఆ మాట రాలేదు.

"చెప్పులేస్కో," అంది భాగీరథి. "ఏమయ్యో, ఆటో పిలువు. జల్ది!"

ఆటోలో దారి పొడుగునా కోడలి చెయ్యి వదల్లేదు. గుంత వచ్చిన ప్రతిసారీ, "మెల్లగ పో నాయినా, మెల్లగ," అని డ్రైవరును బతిమాలింది. దీక్షిత ఏడుస్తూ, "తప్పయింది అత్తమ్మా, నేనే కోయించిన," అంటే, "ఊకో బిడ్డా. ఊకో. నీ తప్పు ఏం లేదు," అంది. అలా అంటున్నప్పుడు ఆమె గొంతు చిత్రంగా ఉంది. ఆ మాట ఎన్నడో, ఇంకెవరి నోటో వినాలని కాచుకున్న మనిషి గొంతులా ఉంది.

దవాఖానలో డాక్టర్ ప్రియదర్శిని ముందు మాటలేమీ అడగలేదు. దీక్షితను పడుకోబెట్టి, కడుపు మీద చల్లటి జెల్లు రాసి, చిన్న మిషను ఆనించింది. గరగరమని చప్పుడు. పక్కకు జరిపింది. మళ్లీ గరగర. షిఫ్టు మధ్యలో పరిగెత్తుకొచ్చిన రితేష్ గోడకు ఆనుకుని నిలబడ్డాడు. భాగీరథి కళ్లు మూసుకుంది.

ఇంకొంచెం కిందికి జరపగానే గది నిండా వినిపించింది. టకటకటకమని, గుర్రం పరిగెత్తినట్టు, ఎవరికోసమూ ఆగనట్టు.

"వింటున్నరా? గట్టిగ కొట్టుకుంటుంది," అని డాక్టర్ నవ్వింది. "పొద్దున నుంచి ఏం తిన్నవమ్మా?"

దీక్షిత తల దించుకుంది.

"చాయ్ గూడ తాగలేదా?"

"తాగిన. గంతే."

"మరి బిడ్డ ఎట్ల ఆడుతది? నువ్వు ఏడ్చుకుంట పస్తు పండుకుంటే అది గూడ పండుకుంది. కదలకపోతే వెంటనే వచ్చుడు మాత్రం మంచి పని చేసిన్రు. ఎప్పుడైనా ఇట్లనే రావాలె." నర్సుతో పళ్లరసం తెప్పించి, స్కానింగ్ కూడా చేసి చూసింది. రసం తాగిన కాసేపటికి దీక్షిత ఉలిక్కిపడి కడుపు పట్టుకుంది. తర్వాత ఏడుస్తూ నవ్వింది. రితేష్ ఆ చెయ్యి పక్కన తన చెయ్యి పెట్టి, అమ్మ ముందే ఉందని కూడా మరిచిపోయి భార్య నుదుటి మీద ముద్దు పెట్టుకున్నాడు.

అందరి ప్రాణాలూ కుదుటపడ్డాయి. కాగితాలు రాయించుకుని బయలుదేరబోతుంటే భాగీరథి మాత్రం డాక్టరు బల్ల ముందు నుంచి కదల్లేదు. కొంగు చివర వేలికి చుట్టుకుంటోంది, విప్పుతోంది.

"ఇంకేమన్న అడగాల్నా అమ్మా?"

"ఒక మాట. నవ్వకు తల్లీ," అంది భాగీరథి. "ఇంట్ల కడుపుతోని ఉన్న మనిషి ఉండంగ, మొగుడు పచ్చని చెట్టు కొడితే... బిడ్డ పోతదా?"

డాక్టర్ నవ్వలేదు. "పోదమ్మా. చెట్టుకూ బిడ్డకూ ఏం సంబంధం లేదు. ఈమె గురించేనా?"

"ఈమె గురించి గాదు. నా గురించి."

గుమ్మం దగ్గర అమర్నాథ్ ఆగిపోయాడు.

"మేము న్యాల్‌కల్ దిక్కు ఉంటుంటిమి. నాకు ఎనిమిదో నెల. గాలివాన వచ్చి తీగ మీద చెట్టు ఒరిగింది. ఈయనకు పిలుపొచ్చింది. కొట్టొద్దని నాకు తెల్సు, కానీ కొలువు గదా, పొమ్మన్న. ఈయన అటు పోయిండు, ఇటు నాకు నొప్పులొచ్చినయ్. బిడ్డ బతకలే. 'మొగుణ్ని ఆపకపోతివి, బిడ్డను నువ్వే మింగితివి' అన్నది మా అత్త. సచ్చే దాక గదే అన్నది. నేను గూడ గదే అనుకుంటున్న."

"అప్పుడు మీ కాళ్లు వాచినయా?"

"మస్తు వాచినయ్. మెట్టెలు గూడ తీసేసిన."

"తలనొప్పి? చూపు మసక?"

"తల పగిలిపోతుండె. కండ్లు మసకైతే, దీపంల నూనె అయిపోయిందేమో అనుకున్న."

"ఇన్నేండ్ల తర్వాత నేను కచ్చితంగ చెప్పలేను. కానీ మీరు చెప్పేది వింటుంటే బీపీ పెరిగినట్టుంది. కడుపుతోని ఉన్నోళ్లకు వచ్చేదాన్ని గుర్రపువాతం అంటుండె గదా, అసుంటిదే. ఆ రోజు ఎవరన్న బీపీ చూసుంటే మందులిస్తుండె, జల్ది కాన్పు చేస్తుండె. మీరు ఆయన్ని ఆపినా, ఆపకపోయినా అది అట్లనే అయితుండె. మీ తప్పు ఏం లేదమ్మా."

భాగీరథి బల్ల మీదికి వంగింది. "మళ్లొకసారి చెప్పు తల్లీ," అంది.

"మీ తప్పు ఏం లేదు."

అప్పుడు ఏడ్చింది. కొంగు నోట్లో కుక్కుకుని కాదు, బయట కూర్చున్నవాళ్లు వింటారని కాదు, చిన్నపిల్లలా నోరు తెరిచి ఏడ్చింది. దీక్షిత వెళ్లి ఆమె తలను తన పొట్టకు ఆనించి పట్టుకుంది. అమర్నాథ్ దగ్గరకొచ్చి నేల మీద గొంతుక్కూర్చున్నాడు. ఎన్నో స్తంభాలు ఎక్కి దిగిన మనిషి, భార్య చెయ్యి పట్టుకోవడానికి మాత్రం తడబడ్డాడు.

"మా అమ్మ గట్లన్నదని నాకెందుకు చెప్పలే?"

"నువ్వెప్పుడన్న అడిగినవా? రెండు దినాల తర్వాత వచ్చినవ్. పోయిందంటే బయటికి పోయి కూసున్నవ్. ఆడపిల్లనో మొగపిల్లగాడో గూడ అడగకపోతివి."

ఆ రోజు అడిగితే ఆమె ఏడుస్తుందని, అడగకపోతే మరిచిపోతుందని అమర్నాథ్ అనుకున్నాడు. ఇన్నేళ్లూ అలాగే అనుకుంటూ వచ్చాడు.

"ఇప్పుడు అడుగుతున్న," అన్నాడు. "ఎవరు?"

"ఆడపిల్ల. నెత్తి నిండ జుట్టుండె."

రితేష్ తల్లి వైపు కొత్తగా చూశాడు. "నాకు అక్కనా అమ్మా?"

"అవు బిడ్డా. అక్క." ఆ ఒక్క మాట అనడానికి ఆమెకు రెండుసార్లు ఊపిరి తీసుకోవాల్సి వచ్చింది. అన్నాక ముఖం తుడుచుకుని, "ఆకలైతుంది," అంది. సోమవారం ఉపవాసం సంగతి ఎవరూ గుర్తు చేయలేదు. దవాఖాన ఎదురుగా ఉన్న హోటల్లో నలుగురూ కూర్చుని వేడివేడి ఇడ్లీలు తిన్నారు. భాగీరథి ఇంకో ప్లేటు చెప్పించుకుంది. ఆ రాత్రి ఆమె ఒక్కసారి కూడా లేవకుండా తెల్లారే దాకా నిద్రపోయింది.

ఏడో నెల రాగానే దీక్షిత కాన్పుకు కోహీర్‌లోని పుట్టింటికి వెళ్లాలి. ఆ వెళ్లే వారంలోనే నీలగిరి మొదళ్ల చుట్టూ చిగుళ్లు పొడుచుకొచ్చాయి. ఎర్రగా, వెండిగా, ఎక్కడ చూస్తే అక్కడే. భాగీరథి మురిసిపోయి చెంబు నిండా నీళ్లు తెచ్చింది. దీక్షిత ఆపింది.

"ఇప్పుడు వద్దు అత్తమ్మా. మన్ను ఎండితేనే పోయాలె. ఎక్కువ నీళ్లు పోస్తే కొమ్మలు బలం లేకుండ సాగుతయ్, గాలొస్తే ఇరుగుతయ్."

"మరి నేనేం చెయ్యాలె? నువ్వు పోయినంక ఎవరు చూస్తరు?"

"మీరే. ఇగో, ఇన్ని చిగుర్లు ఉంటే ఒక్కటి గూడ మంచిగ రాదు. మొదలుకు నాలుగు బలమైనయి ఉంచి, మిగిలినయి కొయ్యాలె." చెప్పడమైతే చెప్పింది కానీ, చెప్పాక దీక్షిత చేతిలోని కత్తెర అలాగే పట్టుకుని ఆగింది. "నేను పోయినంక కొయ్యున్రి అత్తమ్మా. తొందరేం లేదు."

భాగీరథి ఆ చేతిలోంచి కత్తెర తీసుకుంది. చీర కుచ్చిళ్లు దోపుకుని మొదటి మొదలు దగ్గర కూర్చుంది. ఒక సన్నని చిగురు పట్టుకుని, కోడలి వైపు ఒకసారి చూసి, కోసేసింది. ఆ తర్వాత ఇంకొకటి. "ఇది ఉంచాల్నా, తియ్యాల్నా?" అని అడుగుతూ మొదలుపెట్టి, రెండో మొక్కకు వచ్చేసరికి అడగడం మానేసింది.

ప్రహరీ అవతల పక్కింటి నాగమ్మ బట్టలు ఆరేస్తోంది. భాగీరథి కన్నా పెద్దావిడ. ఈ దృశ్యం చూసి తడి చీర భుజాన వేసుకునే గోడ దగ్గరికొచ్చింది.

"ఓ భాగీరథమ్మా! కోడలు కడుపుతోని పక్కనే నిలబడంగ, పచ్చని చిగురు కోస్తున్నవా? నువ్వేనా!"

భాగీరథి మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచి నిలబడింది.

"నేనే నాగమ్మా. ఎనిమిదో నెలల నాకొక ఆడపిల్ల పోయింది. చెట్టు కొట్టినందుకు పోయిందనుకున్న ఇన్నేండ్లు. గాదట. బీపీ వచ్చి పోయినట్టుంది. నా తప్పు గాదని డాక్టరమ్మ చెప్పింది."

ఏదో ఒక మాట అనకుండా ఉండే మనిషి కాదు నాగమ్మ. తడి చీర నుంచి నీళ్లు కారి జాకెట్టు తడిసిపోతున్నా ఆమె అలాగే నిలబడింది. కాసేపటికి, లోపల ఎవరైనా వింటున్నారేమోనని తన ఇంటి వైపు ఒకసారి చూసుకుని, గొంతు తగ్గించింది.

"నాకు గూడ ఒకటి పోయిందమ్మా. మొగపిల్లగాడు. ఇంటికి దర్వాజ చేయిద్దామని మా ఆయన తుమ్మచెట్టు కొట్టిండు."

భాగీరథి కత్తెర దీక్షిత చేతికిచ్చింది. కొంగుతో మట్టి చేతులు తుడుచుకుంది.

"గేటు తీసే ఉన్నది నాగమ్మా," అంది. "లోపలికి రా. కాళ్లు వాచినయా, చూపు మసకైందా, అన్ని చెప్పు."